డౌన్‌లోడ్ చేసిన ఫైలు పూర్తిగా వచ్చిందా? వర్తకులు చేసుకోవలసిన పరీక్షలు

(మా వాణిజ్య విలేఖరి)

మహబూబ్‌నగర్: మార్కెట్ యార్డులో బస్తా కాంటా ఎక్కినప్పుడు రైతు, అడ్తిదారు, ఖరీదుదారు ముగ్గురి చూపూ అంకె మీదనే ఉంటుంది. దడువాయి పలికిన తూకం తక్‌పట్టీలో పడేవరకు ఎవరూ అక్కడి నుంచి కదలరు. అయితే ధరల పట్టికలు, జీఎస్టీ పద్దులు, ఫ్యూచర్స్ భావ్ కాపీలు ఇప్పుడు వెబ్‌సైట్ల నుంచి ఫైళ్ల రూపంలో వస్తున్నవి. వాటిని తూచి చూసేవారు మాత్రం తక్కువ. ఫైలు తెరుచుకున్నదంటే సరుకు పూర్తిగా అందినట్టేనని భావించడం పరిపాటి అయిపోయింది. ఈ భావన ఎంతవరకు సరైనదో, ఫైలు చెడినప్పుడు లోపం ఎక్కడున్నదో ఎట్లా తేల్చుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందుగా ఈ వ్యాసకర్త చేసిన పొరపాటు ఒకటి చెప్పవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఆముదాల సీజనులో ఒక సాయంత్రం, ఆనాటి లాట్లవారీ ధరల ఫైలును యార్డు గేటు బయట నిలబడి ఫోనులో దించుకోవడం జరిగింది. ఫైలు తెరుచుకున్నది. వరుసలు చక్కగా కనిపించాయి. అందులోని గరిష్ఠ ధరను పేజీకి పంపడం కూడా అయింది. తెల్లవారి ఒక బ్రోకరు ఫోను చేసి, "నిన్నటి పై రేటు అది కాదు గదా, నా లాటే అంతకన్నా ఎక్కువకు పోయింది" అన్నారు. మళ్లీ దించి చూస్తే, మొదటి ఫైలులో దాదాపు మూడో వంతు వరుసలు లేనే లేవు. సిగ్నల్ తెగిన చోట ఫైలు ఆగిపోయింది. ఆగినట్టు అందులో ఎక్కడా గుర్తు లేదు. మరునాడు సవరణ ప్రచురించాము. కాని అచ్చయిన ధర చూసి ఆ ఉదయమే తక్కువకు ఒప్పుకున్న రైతు ఎవరైనా ఉంటే, సవరణతో ఆయన నష్టం తీరదు. క్వింటాలుకు 60 రూపాయల తేడా అనుకున్నా, 100 క్వింటాళ్ల సరుకు మీద 6,000 రూపాయలు చేతులు మారినట్టే.

చెడిన ఫైళ్లు రెండు రకాలు

అసలు తెరుచుకోని ఫైలు ఒక రకం. తెరుచుకొని, సగం సమాచారమే చూపేది రెండో రకం. మొదటి దానితో పోయేది కొంత సమయం మాత్రమే. రెండో దానితో డబ్బు పోతుంది. ఏ ఫైలు ఏ రకంగా ప్రవర్తిస్తుందనేది దాని నిర్మాణాన్ని బట్టి ఉంటుంది.

జిప్ ఫైలులో లోపల ఏమేమి ఉన్నవో తెలిపే జాబితా చివరి భాగంలో ఉంటుంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అనే ఇప్పటి ఎక్సెల్ ఫైలు కూడా నిజానికి ఒక జిప్ మూటే. కొస తెగితే జాబితా పోతుంది కనుక, ఇటువంటి ఫైలు సామాన్యంగా తెరుచుకోదు, లేదా మరమ్మతు చేయమంటారా అని అడుగుతుంది. జేసన్ అనే రకంలో మొదట తెరిచిన బ్రాకెట్టు చివర మూసుకోవాలి. మూసుకోకపోతే దానిని చదివే సాఫ్ట్‌వేరు తిరస్కరిస్తుంది. పీడీఎఫ్‌కు కూడా కొసన ముగింపు గుర్తు ఉంటుంది. అయితే కొన్ని పీడీఎఫ్ రీడర్లు తెగిన ఫైలును తామే సర్దుకొని, ఉన్న పేజీలు చూపి ఊరుకుంటాయి. కాబట్టి పేజీల సంఖ్య చూసుకోవాలి.

వర్తకులకు ఎక్కువగా ఎదురయ్యే సీఎస్‌వీ ఫైలుకు మాత్రం ఇటువంటి ముగింపు గుర్తు ఏదీ లేదు. అంకెల మధ్య కామాలు, ఒక వరుస తర్వాత మరొక వరుస, అంతే దాని నిర్మాణం. సుతిలితో మూతి కుట్టని బస్తా వంటిది అది. దారిలో కొంత సరుకు కారిపోయినా, బస్తాను చూసి చెప్పలేము. 500 వరుసలు రావలసిన చోట 340 వస్తే, ఆ 340నీ ఎక్సెల్ ఏ హెచ్చరికా లేకుండా చూపుతుంది. ధరల పట్టికలు, భావ్ కాపీలు తరచుగా ఈ రకంలోనే ఉంటాయి గనుక వర్తకులు దీని విషయంలోనే ఎక్కువ జాగ్రత్త వహించాలి.

ఇది చిన్న ఊళ్ల సమస్య మాత్రమే అనుకోరాదు. 2020లో ఇంగ్లండులో ప్రజారోగ్య శాఖ కరోనా కేసుల లెక్కలను పాత ఎక్సెల్ రకం ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ పాత రకం ఒక పుటలో 65,536 వరుసలకు మించి పట్టదు. మించినవి చప్పుడు లేకుండా జారిపోయాయి. ఆ ఏడు సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. అక్కడ జరిగింది డౌన్‌లోడ్ తెగడం కాదు. అయినా పాఠం ఒక్కటే. ఫైలు తెరుచుకున్నది, వరుసలున్నవి, లెక్క మాత్రం తప్పు.

మొదట చేయవలసిన మూడు పరీక్షలు

మొదటిది పరిమాణం. ఫైలు మీద మౌసు కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’ చూస్తే ఎన్ని కిలోబైట్లో తెలుస్తుంది. వెబ్‌సైటు తన పేజీలో పరిమాణం తెలిపితే దానితో పోల్చాలి. తెలపకపోతే నిన్నటి, మొన్నటి ఫైళ్లతో పోల్చాలి. రోజూ 80 కిలోబైట్లు ఉండే పట్టిక ఒకనాడు 30 ఉంటే, ఆనాడు రాబడి నిజంగా తగ్గిందా, ఫైలే తెగిందా అని విచారించాలి. సున్న బైట్లు ఉంటే చెప్పవలసిందే లేదు. ఫైలు పేరు చివర ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అని గాని, ‘పార్ట్’ అని గాని ఉంటే అది ఇంకా పూర్తి కాని ఫైలు. మొదటిది క్రోమ్ బ్రౌజరు, రెండోది ఫైర్‌ఫాక్స్ తాత్కాలికంగా పెట్టుకునే పేర్లు. పేరు మార్చి తెరవడానికి ప్రయత్నించరాదు. మళ్లీ దించుకోవడమే మార్గం.

రెండోది తల. తెరుచుకోని ఫైలు నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూడండి. మిగతాది అర్థం కాకపోయినా పరవాలేదు. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు వెంట పీ, డీ, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలుంటాయి. జిప్, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అయితే పీ, కే అనే రెండక్షరాలుంటాయి. జిప్‌ను రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలవి. వీటికి బదులు కోణపు బ్రాకెట్లలో హెచ్‌టీఎంఎల్ అనే మాట కనిపిస్తే, మీకు వచ్చింది ఫైలు కాదు, ఒక వెబ్ పేజీ. చాలాసార్లు అది లాగిన్ పేజీ అయి ఉంటుంది. లాగిన్ అయి టీ తాగి వచ్చేలోపు గడువు తీరిపోతే, కొన్ని సైట్లు అడిగిన ఫైలు పేరుతోనే లాగిన్ పేజీని గాని, ‘లోపం సంభవించింది’ అనే పేజీని గాని పంపుతాయి. ఇటువంటప్పుడు బయటికి వచ్చి, మళ్లీ లాగిన్ అయి, వెంటనే దించుకుంటే సరిపోతుంది.

దీనిలో ఒక మినహాయింపు ఉన్నది. కొన్ని సైట్లు వెబ్ పట్టికనే ఎక్స్‌ఎల్‌ఎస్ అనే పేరు తగిలించి ఇస్తాయి. ఫైలు పేరుకు, లోపలి రకానికి పొంతన లేదని అప్పుడు ఎక్సెల్ హెచ్చరిస్తుంది. సైటు మీకు తెలిసినదై, లోపల మీరడిగిన పట్టికే ఉంటే అది చెడిన ఫైలు కాదు. తెరిచి ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంగా భద్రపరచుకోవచ్చు.

మూడోది తోక. చివరి వరుసకు వెళ్లి చూడండి. అది సగంలో ఆగిందా? అందులో గడులు తక్కువగా ఉన్నవా? వరుసల సంఖ్య, బస్తాల మొత్తం, వెబ్‌సైటు తెర మీద చూపిన మొత్తంతో సరిపోతున్నవా? చిట్టా ఆవర్జాలు రాసే గుమాస్తా ప్రతి రాత్రి చేసే పని ఇదే. ముందే చెప్పిన ఆముదాల ఫైలు విషయంలో ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే తప్పు ధర అచ్చయ్యేది కాదు.

తెలుగు అక్షరాలు చెదిరితే

ఊర్ల పేర్లు, సరుకుల పేర్లు తెలుగులో ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే, అక్షరాలకు బదులు నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ సున్న, మళ్లీ మళ్లీ అవే గుర్తులు కనిపించడం కద్దు. ఫైలు చెడిందని చాలామంది అప్పుడే దానిని తీసివేస్తారు. ఇది చాలావరకు చెడిన ఫైలు కాదు.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో ఉన్నవి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తు మూడు బైట్లు తీసుకుంటుంది. ఎక్సెల్ ఆ సంగతి గ్రహించక, ఆ మూడు బైట్లను మూడు వేర్వేరు పాశ్చాత్య అక్షరాలుగా చదివితే ఈ గందరగోళం పుడుతుంది. చేయవలసినదేమంటే, ఖాళీ పుట తెరిచి, ‘డేటా’ విభాగంలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా ఫైలును ఎంచుకొని, ‘ఫైల్ ఆరిజిన్’ అన్నచోట 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 పెట్టాలి. అక్షరాలు వెంటనే కుదురుకుంటాయి. చెదిరిన రూపంలో ఉండగా ‘సేవ్’ నొక్కరాదు. నొక్కితే చెదిరిన అక్షరాలే ఫైలులో స్థిరపడే ప్రమాదం ఉన్నది.

‘అను’ వంటి పాత ఫాంట్లలో కూర్చిన పట్టికల సంగతి వేరు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. ఆ ఫాంటు ఉంటే గాని, యూనికోడ్‌లోకి మార్పించుకుంటే గాని చదవడం సాధ్యం కాదు. ఎన్నిసార్లు మళ్లీ దించుకున్నా ప్రయోజనం ఉండదు.

దించుకున్న తర్వాత మన చేతిలో చెడేవి

కొన్ని ఫైళ్లు దారిలో కాక, మన కంప్యూటరులో చెడుతాయి. 05-11-2024 అంటే మనకు నవంబరు 5. అమెరికా పద్ధతిలో తేదీలు పెట్టి ఉన్న కంప్యూటరుకు అది మే 11. అదే కంప్యూటరు 13వ తేదీ నుంచి ఉన్నవాటిని తేదీలుగా గుర్తించలేక, ఉత్త అక్షరాలుగా వదిలివేస్తుంది. ఫలితంగా వానాకాలం ధాన్యం రాబడి కొంత వేసవిలో పడినట్టు కనిపిస్తుంది. నెలవారీ రాబడులు చూసి సరుకు నిల్వ చేసేవారికి ఇది చిన్న పొరపాటు కాదు.

అట్లాగే 12 అంకెల ఈ-వే బిల్లు సంఖ్యను ఎక్సెల్ కుదించి, దశాంశంతో, ‘ఈ’ అక్షరంతో చూపుతుంది. గడిని సంఖ్య రూపానికి మార్చితే అది తిరిగి కనిపిస్తుంది. కాని 15 అంకెలు దాటిన సంఖ్య అయితే, 16వ అంకె నుంచి సున్నలుగా మారిపోతుంది. ఖాతా సంఖ్యల ముందున్న సున్నలు రాలిపోతాయి. ఆ రూపంలో భద్రపరిస్తే అసలు అంకెలు తిరిగి రావు. దీనికి నివారణ, పైన చెప్పిన పద్ధతిలోనే ఫైలును తెస్తూ, అంకెల రకాన్ని గుర్తించవద్దని తెలిపే ‘డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్’ ఎంచుకోవడం. అన్నిటికన్నా ముఖ్యం, దించుకున్న అసలు ఫైలును ముట్టకుండా ఒకచోట ఉంచి, నకలు మీదనే పని చేయడం.

లోపం ఎక్కడున్నదో తేల్చుకోవడం

తూకంలో తేడా వస్తే అదే బస్తాను మరో కాంటా మీద వేసి చూస్తాము. ఫైలు విషయంలోనూ అంతే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు కలిపి మారిస్తే దేనివల్ల కుదిరిందో తెలియదు.

ముందు అదే ఫైలును మరోసారి దించి రెండింటి పరిమాణాలు పోల్చాలి. రెండూ వేర్వేరుగా ఉంటే లోపం నెట్ లైనులో ఉన్నట్టు అనుమానించవచ్చు. ఎంత పరిమాణం రావాలో సర్వర్ ముందుగా తెలపకపోతే, ఫైలు పూర్తయిందో మధ్యలో తెగిందో బ్రౌజరు గుర్తించలేని సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఫోను సిగ్నల్ వదలి, దుకాణంలోని వైరు లైను మీద దించుకోవడం మంచిది.

రెండూ ఒకే పరిమాణంలో ఉండి, రెండూ చెడి ఉంటే, బ్రౌజరు తాను దాచుకున్న పాత నకలునే మళ్లీ ఇస్తూ ఉండవచ్చు. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే ప్రత్యేక కిటికీలో లాగిన్ అయి ప్రయత్నించండి. కుదరకపోతే మరో బ్రౌజరు, ఆ తర్వాత మరో కంప్యూటరు, ఆ తర్వాత మరో నెట్ లైను. పక్క దుకాణం వారికీ, మీ ఆడిటరుకూ అదే పరిమాణంలో అదే లోపం వస్తే, తప్పు మూలంలోనే ఉన్నట్టు. ఇక మీ కంప్యూటరును మార్చి ప్రయోజనం లేదు. దించిన వేళ, ఫైలు పేరు, పరిమాణం, తెర మీద వచ్చిన సందేశం ఫొటో, ఇవన్నీ జతచేసి సహాయ విభాగానికి రాయండి. ‘ఫైలు రావడం లేదు’ అని మాత్రమే రాస్తే ఎదురు ప్రశ్నలతోనే రెండు రోజులు గడుస్తాయి.

దించిన చోట బాగుండి, పెన్‌డ్రైవులో ఇంకొకరికి ఇచ్చాక చెడితే, నకలు తీయడంలో లోపమున్నది. ‘ఎజెక్ట్’ చెప్పకుండా పెన్‌డ్రైవు లాగివేయడం ఇందుకు ప్రధాన కారణం. ఫోనులో జాగా నిండడం, యాంటీవైరస్ ఫైలును పట్టి పక్కన పెట్టడం కూడా చూసుకోవలసినవే.

సరిచూసే అక్షరం

ఫైలులో ఒక్క అక్షరం మారినా పట్టి ఇచ్చే పద్ధతి ఒకటి ఉన్నది. ఇది వర్తకులకు పూర్తిగా కొత్తది కాదు. 15 అక్షరాల జీఎస్టీ సంఖ్యలో మొదటి రెండు రాష్ట్రానివి. తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ సంఖ్య. చివరి అక్షరం మాత్రం ముందున్న 14 నుంచి లెక్క కట్టినది. నడుమ ఒక అంకె తప్పు రాస్తే ఆ అక్షరం కుదరదు. అదే సూత్రం మీద మొత్తం ఫైలుకు లెక్క కడితే వచ్చేది ‘షా-256’ అనే 64 అక్షరాల గుర్తు. సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్న కంప్యూటరులో, ఫైలు మీద కుడి మీట నొక్కి దానిని చూడవచ్చు. పంపినవారి గుర్తు, అందుకున్నవారి గుర్తు అక్షరం అక్షరం ఒకటే అయితే ఫైలు చెక్కు చెదరలేదన్నమాట.

ధరల సైట్లు ఈ గుర్తును ప్రకటించడం అరుదు. అయినా దుకాణానికీ ఆడిటరుకూ మధ్య, శాఖకూ శాఖకూ మధ్య దీనిని వాడుకోవచ్చు. అంత శ్రమ ఎందుకనుకుంటే, సీఎస్‌వీ ఫైలును జిప్ చేసి పంపండి. జిప్ తన లోపలి ప్రతి ఫైలుకూ ఒక సరిచూసే సంఖ్యను ఉంచుకుంటుంది. దారిలో చెడితే విప్పేటప్పుడే చెబుతుంది. మూతి కుట్టి పంపినట్టు అవుతుంది. అయితే ఒక సంగతి మరువరాదు. ఈ గుర్తులు ఫైలు మారలేదని మాత్రమే చెప్పగలవు. లోపల రాసిన ధర నిజమా కాదా అన్నది వాటికి తెలియదు.

జీఎస్టీ ఫైళ్ల విషయం

నెలనెలా రిటర్ను వేసే వర్తకులకు జీఎస్టీఆర్-2బీ పట్టిక మరుసటి నెల 14న సిద్ధమవుతుంది. 3బీ రిటర్నుకు గడువు సామాన్యంగా 20. మధ్యలో ఉన్నది ఆరు రోజులు. 20 సాయంత్రం ఫైలు దించుకోవడానికి కూర్చుంటే, పై పరీక్షలలో ఒక్కటి చేయడానికి కూడా వ్యవధి ఉండదు. పద్దులు ఎక్కువగా ఉన్నవారికి పట్టిక ఒకటికి మించిన భాగాలుగా రావచ్చు. ఒక భాగాన్నే దించి అదే మొత్తం అనుకుంటే, న్యాయంగా రావలసిన ఇన్‌పుట్ క్రెడిట్ వదులుకొని చేతి నుంచి పన్ను కట్టవలసి వస్తుంది. పోర్టల్ తెర మీద చూపే క్రెడిట్ మొత్తాన్ని ఎక్సెల్‌లో కూడిన మొత్తంతో పోల్చడం పది నిమిషాల పని.

ఒక హెచ్చరిక

ఫైలు తెరుచుకోనప్పుడు కంగారులో, ‘చెడిన ఫైళ్లు ఉచితంగా బాగుచేస్తాము’ అనే సైట్లకు దానిని ఎక్కించేవారున్నారు. మీ పాన్, ఖాతా సంఖ్యలు, కొనుగోలుదార్ల వివరాలు అన్నీ అందులోనే ఉన్నవని గుర్తుంచుకోవాలి. మూలం నుంచి మళ్లీ దించుకోగల ఫైలును బాగుచేయించవలసిన అవసరమే లేదు. ధరల పట్టిక అని వాట్సాప్‌లో వచ్చిన ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది పట్టిక కాదు, ఫోనులో ప్రవేశించే ప్రోగ్రాము. తెరవరాదు. పొరపాటున తెరిచి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

దుకాణంలో ఒక నోటు పుస్తకం పెట్టి, ప్రతి ముఖ్యమైన ఫైలుకు తేదీ, పేరు, పరిమాణం, వరుసల సంఖ్య, మొత్తం అనే ఐదు గడులు రాసి ఉంచితే, పైన చెప్పిన పోలికలన్నీ నిమిషంలో అవుతాయి. బాదేపల్లి, దేవరకద్ర, నారాయణపేట యార్డులలో ఏ సరుకు ఏ నెలలో ఎంత వస్తుందో వర్తకులకు అంచనా ఉండనే ఉన్నది. ఫైలులోని అంకె ఆ అంచనాకు దూరంగా ఉంటే, దాని మీద బేరం కుదుర్చుకునే ముందు యార్డులో ఉన్న మనిషికి ఒక ఫోను చేయడం మేలు. ఆముదాల ధరలో మా తప్పును పట్టింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు. ఆ రోజు స్వయంగా లాటు అమ్మిన బ్రోకరు.